టెక్ సపోర్ట్‌తో ప్రాణం విసిగాక ఏ దారి? రాత్రులా, కాల్సా, అంకెలా, ముందు అది తేల్చుకోండి

అమ్మతో ఫోన్‌లో మాట్లాడుతుంటే ఏడో నిమిషం దాటగానే నాకు అరచేతులకి చెమట పట్టేది. ఆవిడేమో బోరు ఎందుకు ఆగిపోయింది, ఎవరి పిల్లకి సంబంధం కుదిరింది, అన్నీ తీరిగ్గా చెప్తూ ఉంటుంది, నేనేమో ఊఁ కొడుతూనే లోపల "క్లోజ్ చెయ్యి, క్లోజ్ చెయ్యి" అనుకుంటూ ఉంటాను. మా ప్రాసెస్‌లో (అంటే మా కాల్స్ టీమ్‌లో) ఒక కాల్‌కి ఇచ్చిన టార్గెట్ ఏడు నిమిషాలు మరి. కన్నతల్లి మాటలకి కూడా ఏహెచ్‌టీ (ఒక్కో కాల్‌కి సగటున పట్టే టైము) లెక్కేస్తున్నానని తెలిసొచ్చిన రోజున, ఇంక ఈ ఉద్యోగం నావల్ల కాదని తేలిపోయింది. అప్పటికి గచ్చిబౌలిలో కూర్చుని అమెరికా వాళ్ళ రౌటర్లు, వీపీఎన్‌లు బాగుచేసే పనిలో ఆరేళ్ళు దాటాయి.

మానెయ్యాలని తేలడం సులువే. మానేసి ఏం చెయ్యాలన్నదే తలనొప్పి. మా బావ క్లౌడ్ నేర్చుకోమన్నాడు. మేనమామ గ్రూప్స్ రాయమన్నాడు. ఫ్లోర్ మీద (కాల్స్ తీసుకునే హాల్లో) నా పక్క సీట్లో కూర్చునే దోస్తు నిజాంపేటలో కర్రీ పాయింట్ పెడుతున్నాను, వచ్చెయ్ రా అన్నాడు. ఎవరి సలహా వాళ్ళకి బాగానే ఉంది కానీ, ఆ పనిలో నీకు పడనిది ఏంటి అని ఒక్కరూ అడగలేదు, నిజం చెప్పాలంటే నన్ను నేనూ అడగలేదు. అది తేలకుండా ఏ దారి మంచిదో చెప్పడం కుదరదు, ఎందుకంటే ఒక్కో దారి ఒక్కో బాధని తీసేస్తుంది, మిగతావాటిని అలాగే వెంట పంపిస్తుంది.

ముందు పడనిది ఏంటో చూడండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐసీడీ-11లో బర్నౌట్‌ని చేర్చినప్పుడు దాన్ని జబ్బు అనలేదు, ఉద్యోగం వల్ల వచ్చే పరిస్థితి అంది. ఒంట్లో సత్తువంతా అయిపోయినట్టుండటం, పనంటే విరక్తి పుట్టడం, ఏం చేసినా సరిగ్గా చెయ్యలేకపోతున్నాననిపించడం, ఈ మూడూ దాని గుర్తులట. నాకు మూడూ ఉన్నాయి. కానీ ఇవి ఉన్నాయని తెలుసుకుంటే ఎటు వెళ్ళాలో తెలియదు కదా. నా లెక్కలో సపోర్ట్ పనిలో మనిషిని తినేసేవి నాలుగు: రాత్రులు, కాల్స్, అంకెలు, ఎదుగూబొదుగూ లేకపోవడం.

రాత్రుల సంగతి చేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. న్యూయార్క్‌లో పొద్దున తొమ్మిదంటే వాళ్ళ ఎండాకాలంలో మనకి సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర, మార్చిలోనూ నవంబర్‌లోనూ వాళ్ళు గడియారం జరుపుకుంటే ఇక్కడ మన క్యాబ్ టైమూ, అన్నం టైమూ, నిద్ర టైమూ అన్నీ జరుగుతాయి. దీపావళి రోజు లాగిన్, థాంక్స్‌గివింగ్‌కి సెలవు. కాల్స్ అంటే ముక్కూమొహం తెలియనివాళ్ళ తిట్లు రోజుకి పాతికసార్లు. అంకెలంటే ఏహెచ్‌టీ, సీశాట్ (కస్టమర్ మనకిచ్చే మార్కులు), క్వాలిటీ స్కోరు (కాల్ విని కంపెనీవాళ్ళే వేసే మార్కులు), బ్రేక్ ఎన్ని నిమిషాలు. నాలుగోది వివరించేదేముంది, ఐదేళ్ళ క్రితం చెప్పిన "రీస్టార్ట్ చేసి చూడండి" ఇవాళ కూడా చెప్పడం.

ఏది ఎక్కువో తెలుసుకోవడానికి నేనొక పని చేశాను. రెండు వారాలు, పది షిఫ్టులు, ఇంటికొచ్చే క్యాబ్‌లో కూర్చుని ఆ రాత్రి అన్నిటికంటే మండిపోయిన క్షణం ఏదో ఫోన్‌లో ఒక్క లైను రాసుకున్నాను. నాకు కస్టమర్లంటేనే అసహ్యం పుట్టిందని అనుకునేవాణ్ణి. తీరా చూస్తే పది లైన్లలో కస్టమర్ గురించి ఉన్నది ఒక్కటే. ఆరు అంకెల గురించి: "బ్రేక్ 3 నిమిషాలు ఎక్కువైందని గ్రూపులో పేరు పెట్టి మెసేజ్", "రీఫండ్ పాలసీ మీద కోపం, సీశాట్ 1 మాత్రం నాకు", ఇలా. మిగతా మూడూ నిద్ర గురించి. అంటే బాగుచేసే పని మీద నాకు విరక్తి రాలేదు, దాన్ని స్టాప్‌వాచ్ పెట్టి రాత్రిపూట చేయించడం మీద వచ్చింది. ఈ పది లైన్లు లేకపోతే నేను కచ్చితంగా తప్పు దారిలోకి వెళ్ళేవాణ్ణి.

ఒక్కమాట, వీక్ ఆఫ్ రోజున కూడా నిద్ర పట్టకపోతే, బతకాలనే అనిపించకపోతే, ఈ పోలికలన్నీ పక్కన పెట్టి ముందు డాక్టర్‌ని కలవండి, లేదా 14416కి ఫోన్ చెయ్యండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు, ఏ టైములో అయినా సరే. ఆ స్థితిలో ఉద్యోగం మారే నిర్ణయం తీసుకోకూడదు, లీవ్ పెట్టే నిర్ణయం మాత్రమే తీసుకోవాలి.

ఉన్న కంపెనీలోనే పక్కకి జరగడం

దీన్ని అందరూ చిన్నచూపు చూస్తారు కానీ జేబుకి పెద్దగా దెబ్బ తగలని దారి ఇది. బాధ రాత్రులదే అయితే ముందు యూకే ప్రాసెస్‌కి అడగండి. లండన్‌లో తొమ్మిదంటే మనకి మధ్యాహ్నం ఒకటిన్నర, చలికాలంలో రెండున్నర, షిఫ్టు పదిన్నర పదకొండున్నరకల్లా అయిపోతుంది, తెల్లారేలోపు నిద్రపోవచ్చు. నైట్ అలవెన్స్ పోతుంది, అంతే. నాకు తెలిసిన ఇద్దరు ఇంతకుమించి ఏమీ మార్చలేదు, హాయిగా ఉన్నారు.

ఐజేపీలో (కంపెనీ లోపలివాళ్ళకే వచ్చే ఖాళీల ప్రకటనలో) కనిపించే వేరే పోస్టుల దగ్గర మాత్రం జాగ్రత్త. క్వాలిటీ టీమ్‌లోకి వెళ్తే కాల్స్ తప్పుతాయని అనుకుంటారు. తప్పవు. మీరు మాట్లాడరు, అంతే, ఎనిమిది గంటలు హెడ్‌సెట్ పెట్టుకుని ఎవరో తిట్టించుకోవడం వింటూ, ఆ తిట్లు తిన్నవాడికే మళ్ళీ మార్కులు కోస్తూ కూర్చుంటారు. అంకెలతో విసిగిపోయినవాడు క్వాలిటీలోకి వెళ్ళడమంటే దొంగతనం పడని మనిషి దొంగలకి లెక్కలు రాయడానికి చేరినట్టు (క్వాలిటీ దోస్తులు క్షమించాలి). ట్రైనింగ్ నయం, కొత్త బ్యాచ్ పిల్లలతో గడిపితే మనసు తేలిగ్గా ఉంటుంది, కాకపోతే హైరింగ్ ఆగిపోతే ట్రైనర్‌ని మళ్ళీ ఫ్లోర్ మీదకే పంపిస్తారు.

ఎవరూ పట్టించుకోని పోస్టు ఒకటుంది, నాలెడ్జ్ బేస్ (కస్టమర్లు తామే చదివి బాగుచేసుకునే ఆర్టికల్స్) రాసేది. కాల్స్‌తో విసిగి, కానీ ప్రొడక్ట్ బాగా తెలిసినవాళ్ళకి అది బాగా నప్పుతుంది. ఫోన్ ఉండదు, రాసిన ఆర్టికల్ చదివి ఎంతమంది కాల్ చెయ్యకుండా ఆగారో అదే మీ పనితనం. అక్కణ్ణుంచి టెక్నికల్ రైటింగ్‌కి దారి ఉంది. ఇంగ్లీషు రాయడం బాగా రావాలి, మాట్లాడటం కాదు, ఆ రెండూ వేరు.

పైకి ఎక్కడం: ఎల్2, అడ్మిన్, క్లౌడ్

ఎదుగూబొదుగూ లేదన్నదే మీ బాధ అయితే ఎల్2 (మొదటి కాల్‌లో తేలని కష్టమైన సమస్యలు చూసే టీమ్), అడ్మిన్ (సర్వర్లు నడిపే పని), క్లౌడ్, ఇదే సరైన దారి. జీతం నిజంగా పెరిగేదీ ఇక్కడే, సపోర్ట్‌లో చేసిన ఏళ్ళకి విలువ ఉండేదీ ఇక్కడే, ఎందుకంటే లాగ్ (మిషన్ తనే రాసుకునే రికార్డు) చూసి తప్పెక్కడుందో పట్టుకోవడం కోర్సుల్లో రాదు. నెట్‌వర్క్ వైపు సీసీఎన్ఏ, లినక్స్ వైపు ఆర్‌హెచ్‌సీఎస్ఏ, క్లౌడ్‌లో అజూర్ ఏజెడ్-104 కానీ ఏడబ్ల్యూఎస్ సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ కానీ, ఈ సర్టిఫికేషన్ పరీక్షల్లో ఏదో ఒకటి పట్టుకోండి, నాలుగూ కాదు. నన్నడిగితే ఆర్‌హెచ్‌సీఎస్ఏకి ఓటు, అందులో నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవడం ఉండదు, మిషన్ ముందు కూర్చోబెట్టి పని చేసి చూపించమంటారు, అందుకే అది పాసైనవాడంటే ఇంటర్వ్యూలో కాస్త గౌరవం. ఫీజులు డాలర్లలోనే చూసుకోవాలి, సీసీఎన్ఏ 300, ఏడబ్ల్యూఎస్ అసోసియేట్ 150. కంపెనీ రీయింబర్స్ చేస్తుందేమో అడిగాకే మీ కార్డు గీకండి.

ఇక్కడ రెండు గుంటలున్నాయి. మొదటిది ఆన్‌కాల్, అంటే డ్యూటీ కాని టైములో కూడా పిలిస్తే లేవడం. అడ్మిన్ అయినా, డెవాప్స్ అయినా, ఎస్ఆర్ఈ అయినా (రెండూ సర్వర్లూ సాఫ్ట్‌వేరూ ఆగకుండా చూసే ఉద్యోగాలే) సర్వర్ రాత్రి రెండింటికి పడిపోతే లేచేది మీరే. కస్టమర్ తిట్టడు, బ్రిడ్జ్ కాల్‌లో (అందరూ ఒకే లైన్లో ఉండే ఫోన్‌లో) పది మంది మేనేజర్లు "ఈటీఏ ఎంత" (ఎప్పటికి బాగవుతుంది) అని రెండు నిమిషాలకోసారి అడుగుతారు. రాత్రులే మీకు పడనివైతే ఇంటర్వ్యూలో మొహమాటపడకుండా అడగండి, ఆన్‌కాల్ ఎన్ని వారాలకోసారి వస్తుంది, పోయిన నెలలో రాత్రి ఎన్నిసార్లు లేవాల్సి వచ్చింది అని. దీనికి అంకెతో జవాబు చెప్పలేని టీమ్‌లో చేరకండి.

రెండోది అమీర్‌పేట. కోర్సుల గురించి కాదు నేను చెప్పేది, మైత్రీవనం చుట్టుపక్కల మంచి సార్లు ఉన్నారు, తక్కువ ఫీజుకి బాగా చెప్తారు. కోర్సు అయ్యాక "మూడేళ్ళ డెవాప్స్ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం" అని ఒకరు పక్కకి పిలుస్తారు చూడండి, అక్కడ లేచి వచ్చెయ్యండి. మీ యూఏఎన్‌లో (పీఎఫ్ నంబర్ రికార్డులో) ఏ కంపెనీ మీ పీఎఫ్ ఎప్పటినుంచి ఎప్పటిదాకా కట్టిందో అంతా ఉంటుంది, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌వాళ్ళు ముందు చూసేది దాన్నే. ఉన్న ఆరేళ్ళ నిజమైన సపోర్ట్ అనుభవం పోగొట్టుకుని లేని మూడేళ్ళు తెచ్చుకోవడం ఏం లెక్క?

టెస్టింగ్ (సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే పని) గురించి రెండు ముక్కలు. కాల్స్ ఉండవు, పగటి పని ఎక్కువ, తప్పులు పట్టే అలవాటు మనకి ఎలాగూ ఉంది. కానీ ఒట్టి మాన్యువల్ టెస్టింగ్ నమ్ముకుని వెళ్ళకండి, కోడ్ రాసే ఆటోమేషన్ రాకపోతే మళ్ళీ ఎదుగూబొదుగూ లేని చోటే తేలతారు. కోడ్ అంటే మీకు ఒళ్ళు మంటైతే ఈ పేరా మర్చిపోండి.

పగటిపూట లోకల్ ఐటీ (నేను వెళ్ళింది)

హాస్పిటళ్ళు, కాలేజీలు, ఫ్యాక్టరీలు, వీటన్నిటికీ ఐటీ మనుషులు కావాలి. నా పది లైన్లు చూసుకున్నాక నాకు సరిపోయింది ఇదే. సిటీలో ఒక మోస్తరు హాస్పిటల్లో సిస్టమ్ అడ్మిన్‌గా చేరాను. నైట్ అలవెన్స్, ఇన్సెంటివ్ అన్నీ కలిపి చేతికి 46 వేలు వచ్చేది, ఇక్కడ 33 వేలు. నెలకి 13 వేలు తగ్గింది, అది దాచేదేం కాదు. ఇంట్లో మా ఆవిడ కూడా ఉద్యోగం చేస్తుంది కాబట్టి సాగింది, ఒక్క జీతంతో ఈఎంఐలు కట్టేవాళ్ళకి నేనిది ఊరికే చేసెయ్యండి అని చెప్పను.

పని ఎలా ఉంటుందంటే, పొద్దున తొమ్మిదింటికి ఓపీ కౌంటర్‌లో బార్‌కోడ్ లేబుళ్ళు వచ్చే ప్రింటర్ మొరాయిస్తుంది. ముందు ముప్ఫై మంది లైన్లో ఉంటారు. "అన్నా, ప్రింటర్ రావట్లేదు" అని కౌంటర్ అమ్మాయి ఫోన్ చేస్తుంది. వెళ్ళి చూస్తే లేబుల్ ఒకటి రోలర్‌కి అతుక్కుని ఉంటుంది, గోటితో గీకి, స్పిరిట్ దూదితో తుడిచి (హాస్పిటల్ కదా, స్పిరిట్‌కి కరువు లేదు), రోల్ మళ్ళీ పెడతాను. టెన్షన్ లేదని కాదు, లైన్లో ఉన్న పెద్దాయన నన్నే గుడ్లురిమి చూస్తుంటాడు. కానీ అది అయిపోతుంది. నాలుగు నిమిషాలు పట్టిందో ఇరవై పట్టిందో ఎవడూ రాసుకోడు. మొదటి వారం నేనే అలవాటు కొద్దీ వాచీ చూసుకునేవాణ్ణి.

ఇందులో లేనిది ఎదుగుదల. ఐదేళ్ళ తర్వాత కూడా నేను ఇదే హాస్పిటల్లో ఇవే ప్రింటర్ల దగ్గర ఉండే అవకాశం బాగా ఉంది. రాత్రి సర్వర్ పడితే ఫోన్ వస్తుంది, రెండు నెలలకోసారి. నాకు ఇబ్బంది లేదు, మీకు ఉండొచ్చు.

గ్రూప్స్, బ్యాంకులు, టీచర్ పోస్టులు

మేనమామ సలహా. ఇంట్లో అందరికీ నచ్చేది కూడా ఇదే. ముందు వయసు చూసుకోండి. బ్యాంక్ పీవోకి జనరల్ అయితే 30, ఓబీసీకి 33, ఎస్సీ ఎస్టీలకి 35, క్లర్క్‌కి జనరల్ 28. ఆరేడేళ్ళు సపోర్ట్‌లో చేసి బయటికొచ్చేవాళ్ళలో సగం మందికి ఆ తలుపు మూసుకునే ఉంటుంది. గ్రూప్స్‌కి వయసు వెసులుబాటు ఎక్కువ, ఎప్పటికప్పుడు నోటిఫికేషన్‌లో చూసుకోవాలి.

అసలు సమస్య వయసు కాదు, ఎదురుచూపు. తెలంగాణ గ్రూప్-1 సంగతే తీసుకోండి. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకి నోటిఫికేషన్, అక్టోబర్‌లో ప్రిలిమ్స్, పేపర్ లీకేజీతో 2023 మార్చిలో అది రద్దు, జూన్‌లో మళ్ళీ ప్రిలిమ్స్, అదీ కోర్టులో పోయింది, చివరికి 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులకి కొత్త నోటిఫికేషన్ ఇచ్చి అక్టోబర్‌లో మెయిన్స్ పెట్టారు. నోటిఫికేషన్ నుంచి మెయిన్స్ దాకానే రెండున్నరేళ్ళు. మా పెద్దమ్మ కొడుకు ఈ కాలమంతా అశోక్ నగర్‌లో రూమ్ తీసుకుని రీడింగ్ హాల్లో గడిపాడు. వాడి గదికి ఒకసారి వెళ్ళాను, గోడ మీద టైమ్ టేబుల్, నెలకి ఎన్ని మాక్ టెస్టులు, ఎందులో ఎంత, పక్కవాడికెంత. చూస్తుంటే మా ఫ్లోర్ మీద డ్యాష్‌బోర్డు గుర్తొచ్చింది. అంకెలతో విసిగినవాడికి అదొక విశ్రాంతి అని దయచేసి అనుకోకండి. రాత్రులూ కాల్సే మీ బాధ, అంకెలతో పేచీ లేదు, ఇంట్లో కనీసం రెండేళ్ళు నెట్టుకొచ్చే డబ్బుంది, చదువంటే ఇష్టముంది అంటే సరే, వెళ్ళండి.

టీచర్ పోస్టు కావాలంటే బీఈడీ రెండేళ్ళు, ఆ పైన టెట్, ఆ పైన డీఎస్సీ. తెలంగాణలో 2024లో 11,062 పోస్టులు, ఆంధ్రలో 2025లో 16,347 పోస్టులు వచ్చాయి, అవి చూసి ఏటా అలాగే వస్తాయనుకుంటే పొరపాటు, వాటి ముందు ఏళ్ళ తరబడి ఎదురుచూసినవాళ్ళని అడగండి.

కర్రీ పాయింట్

నా దోస్తు పెట్టాడు, నడుస్తోంది కూడా. కాబట్టి వ్యాపారం వద్దు అనను. ఏం మారింది, ఏం మారలేదు అన్నదే చెప్తాను. వాడు తెల్లారుజామున నాలుగున్నరకి లేచి కూకట్‌పల్లి రైతు బజారుకి వెళ్తాడు, పదకొండుకల్లా పప్పు, సాంబార్, రెండు వేపుళ్ళు, ఒక నాన్‌వెజ్ కౌంటర్ మీదకి రావాలి, రెండింటికి అయిపోతే మళ్ళీ సాయంత్రం ఆరుకి మొదలు. వాడికి షిఫ్టు మారింది కానీ నిద్ర పెరగలేదు. ఒకసారి కౌంటర్ వెనక నిలబడి చూశాను, ఒకాయన నిన్నటి సాంబార్ పల్చగా ఉందని కవర్ ఊపుతూ పోట్లాడుతున్నాడు, మావాడు ఫ్లోర్ మీద నేర్చుకున్న అదే గొంతుతో "మీ ఇబ్బంది అర్థమైంది సార్" అని మొదలుపెట్టి, ఒక గరిటె కూర ఎక్కువ వేసి పంపించాడు. తర్వాత నన్ను చూసి, "టికెట్ క్లోజ్డ్" అన్నాడు.

వాడికి కాల్స్‌తో పేచీ లేదు, పైవాడు తనకి మార్కులు వెయ్యడంతోనే పేచీ, అది పోయింది కాబట్టి సంతోషంగా ఉన్నాడు. జనంతో మాట్లాడి మాట్లాడి విసిగినవాళ్ళు మాత్రం కౌంటర్ వెనక నిలబడే ఏ వ్యాపారమూ పెట్టకండి. ఇంకోటి, అద్దె అడ్వాన్సు, పాత్రలు, ఫ్రీజర్ కలిపి పెట్టిన డబ్బు వెనక్కి రావడానికి వాడికి పద్నాలుగు నెలలు పట్టింది, అంతవరకు ఇల్లు నడిపింది వాళ్ళ నాన్న పెన్షన్.

ఎంబీఏ, విదేశాల్లో ఎంఎస్, వీటి గురించి ఎక్కువ చెప్పను. అలసిపోయి ఉన్నప్పుడు లక్షల్లో అప్పు చెయ్యకండి.

పేపర్స్ (రాజీనామా) పెట్టే ముందు

అదే కంపెనీలో ఐదేళ్ళకి నాలుగైదు నెలలే తక్కువుంటే, ఓపిక ఉంటే ఆగండి. గ్రాట్యుటీ లెక్క సుమారుగా ఇదీ, చివరి బేసిక్‌ని (డీఏ ఉంటే అది కూడా కలిపి) 15తో గుణించి 26తో భాగించి ఏళ్ళతో గుణించాలి. బేసిక్ 20 వేలుంటే ఐదేళ్ళకి దాదాపు 57,700 రూపాయలు. పీఎఫ్ తీసెయ్యకండి, కొత్త ఉద్యోగానికి ట్రాన్స్‌ఫర్ పెట్టండి. ఐదేళ్ళ సర్వీసు నిండకుండా తీస్తే టాక్స్ పడుతుంది, పెన్షన్ డబ్బు కూడా తీసేస్తే దానికి కావాల్సిన పదేళ్ళ లెక్క కూడా తెగిపోతుంది.

అందరూ మర్చిపోయేది హెల్త్ ఇన్సూరెన్స్. అమ్మానాన్నలు కంపెనీ పాలసీలో ఉంటే మీ లాస్ట్ వర్కింగ్ డేతో వాళ్ళ కవర్ కూడా పోతుంది. సొంత పాలసీ కొంటే అప్పటికే ఉన్న షుగర్, బీపీ లాంటివాటికి మూడేళ్ళ దాకా వెయిటింగ్ పెట్టొచ్చు. అందుకని మానేసేముందే అదే ఇన్సూరెన్స్ కంపెనీలో సొంత పాలసీకి మార్చుకోవచ్చేమో హెచ్ఆర్‌ని అడగండి. నేను అడగలేదు, నాన్న కంటి ఆపరేషన్‌కి జేబులోంచి పెట్టాను.

ఇంటర్వ్యూలో "అక్కడ ఎందుకు మానేస్తున్నారు" అని తప్పకుండా అడుగుతారు. పాత మేనేజర్‌ని తిట్టకండి, బర్నౌట్ అన్న మాట కూడా అక్కడ వద్దు, అది విన్నాయన రేపు ఇక్కడ కూడా పడిపోతాడేమో అనుకుంటాడు. నేను "నెట్‌వర్క్ పని ఇష్టమే సార్, పగటిపూట చెయ్యాలనుకుంటున్నాను" అన్నాను, అబద్ధం కాదు కదా. జీతం తగ్గుతుందే, ఉంటారా అని హాస్పిటల్లో ఇంటర్వ్యూ చేసినాయన అడిగాడు. ఇంట్లో లెక్కేసుకునే వచ్చానన్నాను. ప్రింటర్లంటే ఇష్టమేనా అన్నాడు, ప్రింటర్లంటే ఎవరికీ ఇష్టం ఉండదు సార్ అంటే నవ్వాడు. నోటీసు పీరియడ్ అరవై రోజులని చెప్పగానే ఆ నవ్వు పోయింది. ఇలాంటి చిన్నచోట్ల రెండు నెలలు ఆగరు, మనిషి ఈ నెలే కావాలంటారు, కాబట్టి ఇంటర్వ్యూకి వెళ్ళేముందే మీ కంపెనీలో బై-అవుట్ (మిగిలిన నోటీసు రోజులకి డబ్బు కట్టి ముందే వెళ్ళడం) ఉందా, మిగిలిన లీవులు నోటీసులో సర్దుతారా కనుక్కోండి. నాకు పద్దెనిమిది లీవులు మిగిలున్నాయి, మా టీఎల్ (టీమ్ లీడర్) వాటిని సర్దడానికి ఒప్పుకున్నాడు, నలభై రెండో రోజున రిలీవింగ్ లెటర్ చేతికొచ్చింది.